మూడో పెట్టెలో ఐదు గుడ్లు

మొదట్లో నా దగ్గర ఉన్నవి ఇవి. మేకు నుంచి మోటారు దాకా అన్నీ దొరికే ఇనుప సామాన్ల కొట్టు ఒకటి. ఇంటి వెనక పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు పెరడు. అందులో ఒక నిమ్మచెట్టు, బట్టలారేసే ఇనుప స్తంభం. సరుకు దిగిన పెట్టెల చెక్కతో నేనే కొట్టిన పిచ్చుక పెట్టెలు మూడు. పెరటి వైపు కిటికీ పక్కన మంచం మీద, ముప్పై ఏళ్లు కుట్టుమిషను మీద వంగి నడుం పోగొట్టుకున్న నా భార్య.

ఆపరేషను బాగానే జరిగింది. కుట్లు ఆరాయి. కానీ ఆవిడ లేవలేదు. కాలు కింద పెడితే ఎముక మళ్లీ జారుతుందని భయం. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు: "నా పని అయిపోయింది. ఇక ఆవిడ లేచి తిరగాలి. ఇంకో రెండున్నర నెలలు ఇలాగే పడుకుంటే కాళ్లలో సత్తువ పోతుంది. తర్వాత లేవాలనుకున్నా లేవలేరు."

చెప్పి చూశాను, బతిమాలి చూశాను, ఒకసారి కోప్పడి కూడా చూశాను. "మీకేం, మీ నడుం కాదుగా" అని అటు తిరిగి పడుకునేది. గిరాకీ రాని రోజున కొట్టు ముందు నిలబడి అరిస్తే ఎవరూ రారు. గుమ్మంలో ఏదో ఒకటి వేలాడదీయాలి. అటువైపు పోయేవాడు చూసి ఆగాలి. ఆ లెక్కనే పిచ్చుక పెట్టెలు కొట్టాను. మా కొట్టుకు వచ్చే ఒక వడ్రంగి కొలతలు చెప్పాడు. కన్నం అంగుళంపావు, కన్నానికీ అడుగుకీ మధ్య ఆరంగుళాలు. ఆ కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేకుండా చేశాను. ఒకటి నిమ్మచెట్టుకు, ఒకటి నీళ్ల గొట్టం పక్కన గోడకు, మూడోది బట్టల స్తంభం కొసకు బిగించాను. మూడూ కిటికీకి ఎదురుగానే.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా నాన్న రోజుల నుంచీ కిలో మేకులు తూచాక, పొట్లం కట్టేముందు నాలుగు మేకులు పైన వేస్తాం. కొసరు వేయకుండా సరుకు మా గుమ్మం దాటదు. పిచ్చుకలైనా కొత్త ఖాతాదార్లే కదా అనుకుని, ప్రతి పెట్టెకీ కన్నం కింద మూడంగుళాల కొయ్య మేకు ఒకటి జిగురు రాసి దిగ్గొట్టాను. పిట్ట వచ్చి కాసేపు నిలబడటానికి. అరుగు లేనిది ఇల్లెలా అవుతుంది?

పది రోజుల్లో పిచ్చుకలు వచ్చాయి. మా ఆవిడ తల తిప్పి చూసింది. తర్వాత రెండు దిళ్లు పెట్టించుకుని చూసింది. ఆ తర్వాత లేచి కూర్చుంది. మొదట పది నిమిషాలు, వారం తిరిగేసరికి అరగంట. మంచం కింద సంచిలో ఉన్న గుడ్డపీలికలు తీయించి కిటికీ అంచున పెట్టమంది. "పాపం గడ్డిపరకలు ఏరుకొస్తున్నాయి. మెత్తగా ఉండొద్దూ?" అంది. పిచ్చుకలు ఎర్రవీ పచ్చవీ పీలికలన్నీ మోసుకుపోయాయి. నెల నిండేసరికి ఆవిడ కిటికీ అంచు పట్టుకుని నిలబడింది. ఆ రోజు కొట్లో ప్రతివాడికీ నాలుగు మేకుల చోట ఎనిమిది పడ్డాయి.

నిమ్మచెట్టు పెట్టెలో నాలుగు పిల్లలు, గోడ పెట్టెలో నాలుగు గుడ్లు. మొత్తం ఎనిమిది. ఒక పొద్దున నేను పళ్లు తోముకుంటూ పెరట్లోకి వెళ్లేసరికి నిమ్మచెట్టు కింద నేలంతా ఈకలు. కన్నంలోంచి ఎర్ర గుడ్డపీలిక ఒకటి బయటికి వేలాడుతోంది. లోపల ఏమీ లేదు. నాలుగో రోజుకు గోడ పెట్టె కూడా ఖాళీ. ఎనిమిదికి ఎనిమిదీ పోయాయి.

మా ఆవిడ ఏడవలేదు. అరవలేదు. "కిటికీ మూసెయ్యండి" అంది. గోడవైపు తిరిగి పడుకుంది. నిలబడటం పోయింది, కూర్చోవడం పోయింది, దిళ్లు కూడా తీసేయించింది. డాక్టరు చెప్పిన రెండున్నర నెలల్లో అప్పటికి నెలన్నర గడిచింది.

సరిగ్గా అప్పుడు స్తంభం పెట్టెలోకి ఒక జంట చేరింది. కడ్డీకి చిన్న అద్దం కట్టి, మూత ఎత్తి చూశాను. ఐదు గుడ్లు. వెళ్లి మా ఆవిడకు చెప్పాను.

"అవీ పోతాయి" అంది గోడతో మాట్లాడుతున్నట్టు. "పోయాక ఆ మూడు పెట్టెలూ పీకి పొయ్యిలో పెట్టండి. ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదు."

లెక్క వేసుకున్నాను. పొదగడానికి పన్నెండు రోజులు, పిల్లలు ఎగరడానికి పదిహేను. ఇరవై ఏడు రోజులు ఆ పెట్టెను కాపాడితే నా భార్య కిటికీ తెరుస్తుంది. కాపాడలేకపోతే ఆ కిటికీ ఇక తెరుచుకోదు. జీవితంలో చాలా బేరాలు చేశాను కానీ, ఓడిపోవడానికి వీల్లేని బేరం ఇదొక్కటే.

ఆ ఈకలు చూస్తే పిల్లి పనే అనిపించింది. మొదట నాకు తోచింది బోను. మా కొట్లో చుంచెలుక సైజు నుంచి కుక్క సైజు దాకా ఉన్నాయి. మధ్యరకం ఒకటి ఇంటికి తెచ్చాను. బోను తలుపు పడ్డ చప్పుడు విని మా ఆవిడ ఇటు తిరిగింది.

"పిల్లిని పట్టి ఏం చేస్తారు?"

"దూరంగా తీసుకెళ్లి వదిలేస్తాను."

"అక్కడ పిట్టలుండవా? ఇక్కడి ఏడుపు అక్కడికి మోస్తారా? అది నా పెరట్లో పెట్టకండి. ఒకదాన్ని ఏడిపించి ఇంకోదాన్ని కాపాడితే నాకు అక్కర్లేదు."

బోను తిరిగి కొట్టుకు వెళ్లింది. మర్నాడు స్తంభానికి గ్రీజు పూశాను. ఎంత పిల్లైనా జారాల్సిందే అని మురిసిపోయాను. మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి మగ పిచ్చుక బట్టల తీగ మీద కూర్చుని రెక్కను ముక్కుతో గీక్కుంటోంది. స్తంభాన్ని రాసుకున్నట్టుంది, ఈకలు రెండు మూడు అతుక్కుపోయాయి. అన్నం మానేసి గుడ్డపేలికలతో గ్రీజంతా తుడిచాను. దొంగను ఆపబోయి ఇంటివాడి కాళ్లు విరగ్గొట్టినట్టయింది.

అప్పుడు బుద్ధొచ్చింది. కొట్లో సరుకు తగ్గుతుంటే ముందు చేసే పని తాళం మార్చడం కాదు, ఎటునుంచి పోతోందో చూడటం. గోడ మీదా, నిమ్మకొమ్మ మీదా, ఖాళీ పెట్టె కొయ్య మేకు మీదా సుద్దపొడి చల్లాను. తెల్లారేసరికి పత్రం రాసి సంతకం పెట్టినట్టు అడుగులు పడ్డాయి. గుండ్రటి పాదాలు. గోడ పొడుగునా వచ్చి, కొమ్మ మీదికి గెంతి, పెట్టె దగ్గర ఆగాయి. అడుగులు బయల్దేరింది పక్కింటి నుంచి.

పక్కింట్లో కండక్టరమ్మ ఉంటుంది. ఇరవై ఆరేళ్లు సిటీ బస్సులో పనిచేసి రిటైరైంది. గొంతు ఇంకా రిటైరవలేదు. ఆవిడ పిల్లి పేరు దొర. బూడిదరంగు, బలిసిన మెడ, అప్పు ఎగ్గొట్టిన పెద్దమనిషి నడక.

"కండక్టరమ్మగారూ, మీ దొర మా పిచ్చుక పిల్లల్ని తిన్నాడు" అన్నాను గోడ ఇవతలనుంచి.

"మా దొరా? పాలలో మీగడ తగిలితేనే మూతి తిప్పుకుంటాడు వాడు. ఈకలు తింటాడా? సాక్ష్యం ఉందా అన్నయ్యగారూ?"

"గోడంతా వాడి అడుగులే."

"గోడ నాది. మా పిల్లి మా గోడ మీద నడవక, మీ కొట్లో తక్కెడ మీద నడుస్తాడా? గోడమీద పిల్లి అని ఊరికే అన్నారా పెద్దలు?"

"కనీసం మెళ్లో గంటైనా కట్టండి."

"గంట కొడితే బస్సాగుతుంది, దొర ఆగడు. ఒకసారి కట్టాను. చప్పుడు కాకుండా నడవడం మూడు రోజుల్లో నేర్చుకున్నాడు." చీర కొంగు దోపుకుని మా వెనక గేటులోంచి వచ్చేసింది. "పదండి, ఎక్కడ ఏం జరిగిందో చూపించండి. తప్పు మావాడిదైతే ఒప్పుకుంటాను. కాకపోతే మీరు వాడికి క్షమాపణ చెప్పాలి."

నిమ్మచెట్టు పెట్టె ముందు నిలబడి కిందికీ పైకీ చూసింది. కొయ్య మేకు మీద గోళ్ల గీతలు లోతుగా ఉన్నాయి. దాన్ని పట్టుకుని లాగి చూసింది.

"ఇదేంటి?"

"పిట్ట నిలబడటానికి."

"పిట్ట నిలబడగా చూశారా?"

నేను ఆలోచించాను. పగలంతా కొట్లో, మధ్యలో అన్నానికో పరుగు, నేనెక్కడ చూశాను? జవాబు వెనకనుంచి వచ్చింది. మూసిన కిటికీ రెక్క ఒకటి బెత్తెడు తెరుచుకుని ఉంది.

"లేదు" అంది మా ఆవిడ. "ఒక్కటీ నిలబడలేదు. ఎగిరొచ్చి నేరుగా కన్నాన్నే పట్టుకుంటాయి. ఆ మేకు వైపు చూడను కూడా చూడవు."

కండక్టరమ్మ నా వైపు తిరిగి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, ఇరవై ఆరేళ్లు తలుపు దగ్గర నిలబడి చెప్తున్నాను. తలుపెంత చిన్నదైనా సరే, కింద ఫుట్‌బోర్డుంటే ఒకడు వేలాడతాడు. ఒంటికాలి మీద, ఒంటిచేత్తో, ఎంత దూరమైనా వస్తాడు. ఫుట్‌బోర్డు లేని బస్సు ఎక్కే మగాడింకా పుట్టలేదు. ఫుట్‌బోర్డు పెట్టిందెవరు?"

"నేనే."

"మరి ఎక్కాడని మా వాణ్ని తిడతారేం? ఇలా చూడండి." ఎడమచేత్తో మేకు పట్టుకుని బరువు దాని మీద ఆన్చి, కుడిచెయ్యి రెండు వేళ్లు కన్నంలో పెట్టింది. వేళ్లకు గుడ్డపీలికలు తగిలి బయటికి వచ్చాయి. పసుపుపచ్చది, నీలంది, పువ్వులది. "ఇవేంటి, గూడు కన్నం దాకా పేర్చుకొచ్చింది? పిల్లలు కిందుండాలి గానీ, కిటికీ సీట్లో కూర్చోబెడితే ఎలా?"

కిటికీ రెక్క కదిలింది. "ఆ గుడ్డలు నావి" అంది మా ఆవిడ చిన్నగా.

ఇదీ అసలు లెక్క. ఆరంగుళాలుండాల్సిన లోతు నా భార్య గుడ్డలతో రెండంగుళాలైంది. అందనివాడికి నా కొయ్య మేకు పీట వేసింది. ఆమె కొసరు ఆమె వేసింది, నా కొసరు నేను వేశాను, మధ్యలో నాలుగు ప్రాణాలు పోయాయి. తూకంలో తక్కువిచ్చి చెడినవాళ్లను చాలామందిని చూశాను. ఎక్కువిచ్చి చెడింది మేమే.

గోడ పెట్టె గుట్టూ అప్పుడే తెలిసింది. పక్కనే ఉన్న నీళ్ల గొట్టానికి అంటుకుని ఎలుక వెంట్రుకలున్నాయి. ఆ గుడ్లు తిన్నది దొర కాదు. నేను ఆ నాలుగింటికీ క్షమాపణ చెప్పాను. కండక్టరమ్మ మిగతా నాలుగింటికీ ఒప్పుకుంది. చెల్లుకు చెల్లు.

"ఇప్పుడు ఈ స్తంభం సంగతేంటి?" అంది ఆవిడ. "పెట్టె దింపి లోపల పెట్టేద్దామా?"

"కదిపితే తల్లి రాదు" అంది కిటికీ లోంచి మా ఆవిడ. రెండో రెక్క కూడా తెరుచుకుంది. "ఉన్నచోటే చెయ్యాలి. మేకు కోసెయ్యండి. కానీ లోపల ఒకటి పడుకున్నప్పుడు వద్దు. ఒకటి బయటికొచ్చాక ఇంకోటి లోపలికెళ్లే మధ్యలో కాస్త ఖాళీ ఉంటుంది. అప్పుడు కొయ్యండి."

"డ్యూటీ మారే టైమన్నమాట" అంది కండక్టరమ్మ. "ఎంతుంటుంది వదినగారూ?"

"చూడాలి. నా గడియారం ఇలా ఇవ్వండి." నేను గడియారం అందించాను. రెండు దిళ్లు కూడా అడిగింది. వెంటనే పెట్టాను. బేరం కుదురుతున్నప్పుడు అనవసరంగా నోరు విప్పకూడదు.

గంటన్నర చూసి లెక్క చెప్పింది. ఖాళీ మూడు నిమిషాల నుంచి ఐదు నిమిషాలు. నేను ఇనుపరంపం బ్లేడు ఒకటి గుడ్డ చుట్టి పట్టుకుని, నిచ్చెన మీద స్తంభం వెనక దాక్కున్నాను. కండక్టరమ్మ నిమ్మచెట్టు కింద నిలబడింది. మా ఆవిడ కిటికీలోంచి వేలెత్తితే, కండక్టరమ్మ గుసగుసగా "రైట్ రైట్" అనేది. నేను కోసేవాణ్ని. పిచ్చుక కనబడగానే "హోల్డాన్!" నేను బొమ్మలా నిలబడిపోయేవాణ్ని. ఇరవై ఆరేళ్లు వీధి చివరికి వినిపించిన గొంతు, ఆ రోజు ఎంత తగ్గించినా దొర ఇంట్లోంచి విని బదులు పలికాడు.

ఐదు ట్రిప్పులకు మేకు తెగింది. గరుకు కాగితంతో రుద్ది మొహం నున్నగా చేశాను. ఆడ పిచ్చుక వచ్చి నేరుగా కన్నాన్ని పట్టుకుని లోపలికి పోయింది. మేకు లేదని దానికి తెలియను కూడా లేదు.

రెండో పని స్తంభం. ఆరంగుళాల ప్లాస్టిక్ గొట్టం మూడడుగుల ముక్క కోసి, నిలువునా చీల్చి, స్తంభం చుట్టూ తొడిగి, మళ్లీ మూసి స్క్రూలు బిగించాను. గొట్టం పై మూతిని రేకుతో మూశాను, లోపలినుంచి ఎలుక కూడా రాకుండా. కావాలనే వదులుగా వేలాడదీశాను. పాకినవాడు గొట్టాన్ని పట్టుకుంటే గొట్టం ఊగాలి, గోరు దిగకూడదు.

మూడోది గోడ. అక్కడే చిక్కు. గోడకూ స్తంభానికీ మధ్య ఐదడుగులే. గొట్టాన్ని తప్పించుకుని గోడ మీదనుంచి ఒక్క గెంతు వేస్తే దొర పెట్టె కప్పు మీద ఉంటాడు. గోడ కండక్టరమ్మది.

"గోడ మీద గాజుపెంకులు గుచ్చుతానంటే మాత్రం మర్యాద దక్కదు" అంది ముందే.

"గాజుపెంకులు మా కొట్లో అమ్మం. తీగ లాగుతాను. తీగకు గొట్టం ముక్కలు గుచ్చుతాను. కాలు పెడితే తిరుగుతాయి. దెబ్బ తగలదు, నిలబడటానికి మాత్రం పట్టు దొరకదు. గెంతాలంటే కాలికి ఆధారం ఉండాలిగా."

"మావాడు బజారుకు పోయే దారి అదే."

"వీధి వైపు ఆరడుగులు వదిలేస్తాను. అటునుంచి దిగి ఎక్కడికైనా పోనీండి."

"ఎనిమిది."

"ఏడు."

"సరే ఏడు. బిగించేటప్పుడు నేనుంటాను. మేకు ఒక్కటి పైకి లేచి ఉన్నా ఊరుకోను." ఉంది. ప్రతి ముక్కనూ వేలితో తిప్పి చూసింది.

గొట్టాలు బిగించిన రెండో రోజు సాయంత్రం దొర వచ్చాడు. నేనింకా కొట్టు కట్టి వచ్చి చొక్కా విప్పలేదు. "ఏమండీ, రండి!" అని మా ఆవిడ కేక వేసింది. కండక్టరమ్మ కూడా విని పరిగెత్తుకొచ్చింది.

దొర మొదట స్తంభం ఎక్కాడు. సగం దూరం దర్జాగా ఎక్కి, గొట్టం కిందికి తల దూర్చాడు. దారి లేదు. గొట్టాన్ని కావలించుకున్నాడు. గొట్టం ఊగింది. ఉయ్యాల ఊగి, గోళ్లు చర్రుమని జారి, నాలుగు కాళ్ల మీదా నేలకు దిగాడు. ఎవరూ చూడలేదన్నట్టు చెయ్యి నాక్కున్నాడు.

"అయ్యో నా తండ్రీ" అంది కండక్టరమ్మ, నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

తర్వాత గోడకేసి వెళ్లాడు. ఒక్క ఊపున పైకి గెంతాడు. కాలు గొట్టం మీద పడింది, గొట్టం గిర్రున తిరిగింది. దొర పరిగెత్తుతున్నాడు కానీ ఉన్నచోటే ఉన్నాడు. నాలుగు కాళ్లూ చక్రాల్లా ఆడించి, చివరికి సొంత పెరట్లోకే వెల్లకిలా పడ్డాడు. పెట్టెలోంచి పిచ్చుక తల బయటికి పెట్టి చూసి, మళ్లీ లోపలికి తీసుకుంది.

మా ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో. తిరిగి చూస్తే నిలబడి ఉంది. మంచం మీద కూర్చుంటే స్తంభం మొదలు కనిపించదు, లేవక తప్పలేదు. నేను ఆ మాట ఎత్తలేదు. కండక్టరమ్మ ఎత్తబోతే కాలు తొక్కాను.

పన్నెండో రోజుకు గుడ్లు పగిలాయి. ఐదింట్లో నాలుగు. ఒకటి మురిగింది. ఆ తర్వాత పెరట్లో ఇక పని వేళలే. తల్లి వస్తుంది, తండ్రి పోతాడు, నోట్లో పురుగులు, రెక్కల్లో తొందర. మా ఆవిడ గంటకు ఎన్నిసార్లు మేత తెచ్చాయో గోడ క్యాలెండరు మీద గీతలు గీసేది. ఒక గంటలో ఇరవై మూడు. కొట్లో పండగ రోజు కూడా అంత గిరాకీ లేదు. గుడ్డపీలికల సంచి మళ్లీ తెరవలేదు. "వాటికి ఏం కావాలో వాటికి తెలుసు" అంది.

పిల్లల గొంతులు గట్టిపడ్డాక అసలు భయం పట్టుకుంది. పెట్టె దాకా నేను అడ్డం పెట్టగలిగాను. కానీ ఎగరడం రాని పిల్ల మొదటిరోజు నేల మీద పడితే, దానికి ఏ రేకూ ఏ గొట్టమూ అడ్డం పెట్టలేను. నేను కండక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అడగక ముందే చెప్పింది.

"మూడు రోజులు తలుపేసి ఉంచుతాను. వాడు నా చెవులు తినేస్తాడు, తిననీండి. వదినగారి కోసం."

మొదటి రోజు దొర అరిచిన అరుపులు మా కొట్లోకి వినిపించాయంటే అబద్ధం, కానీ వీధి మలుపు దాకా వినిపించాయి.

రెండో రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చాను. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి సగం నేల మీద ఉంది. స్నానాల గది చూశాను, వంటగది చూశాను. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ తలుపుకు కిందికి నాలుగు మెట్లు, ఆపరేషను తర్వాత ఆవిడ ఒక్కటీ దిగలేదు.

నిమ్మచెట్టు కింద నిలబడి ఉంది. చేతిలో గుడ్డలు కొలిచే గజం బద్ద. నెత్తిన కొంగు లేదు, కాళ్లకు చెప్పులు లేవు. కాళ్ల దగ్గర, పూలకుండీకీ గోడకీ మధ్య, తోక ఇంకా రాని పిచ్చుక పిల్ల ఒకటి ముడుచుకుని ఉంది. పక్కింటి డాబా మీద రెండు కాకులు.

"ఎలా వచ్చావు?" అన్నాను.

"అరవకండి, బెదురుతుంది."

"నడుం..."

"నడుం సంగతి తర్వాత. అదుగో, అది మళ్లీ వస్తోంది!" ఒక కాకి గోడ మీద వాలింది. గొట్టం తిరిగి, కాళ్లు తడబడి, రెక్కలు కొట్టుకుంటూ లేచింది. ఇంకో కాకి నేరుగా కుండీ మీదికి దిగింది. మా ఆవిడ రెండడుగులు ముందుకు వేసి గజం బద్ద గాల్లో ఝుళిపించింది. కాకికి తగల్లేదు, కానీ ఆ గాలికే డాబా దాటి పోయింది.

"మూడు ఎగిరిపోయాయి" అంది ఊపిరి తీసుకుంటూ. "చూడాల్సింది మీరు. ఒకటి బట్టల తీగ మీద వాలింది, ఒకటి నిమ్మచెట్టు మీద, ఒకటి ఆ పక్కింటికి. ఇదొక్కటే గురి తప్పి కింద పడింది. కిటికీలోంచి అరిచాను, కాకులు లెక్కచెయ్యలేదు. దిగొచ్చేశాను."

"ఎంతసేపైంది?"

"పదకొండున్నరకి దిగాను." గడియారం చూశాను. ఒంటిగంట దాటి పది నిమిషాలు. గంటా నలభై నిమిషాలు, కుర్చీ లేకుండా, చెయ్యి ఆనకుండా. కుర్చీ తెస్తానంటే వద్దంది. కూర్చుంటే కాకి లోకువ కడుతుందట.

మరో పావుగంటకు తల్లి పిచ్చుక వెనక గేటు పక్క కంచె పొదలోంచి పిలిచింది. పిల్ల గెంతింది, ఆగింది, మళ్లీ గెంతింది. చివరికి చేతెడు ఎత్తు లేచి, పొదలో పడి, ఆకుల్లో కలిసిపోయింది. లోపలినుంచి రెండు గొంతులు వినిపించాయి.

గోడ అవతలినుంచి కండక్టరమ్మ తల పైకి లేచింది. మోచేతుల దాకా గోళ్ల గీతలు.

"అయిందా వదినగారూ? దొరను పట్టుకుని పొద్దుటినుంచీ ఒడిలో కూర్చోబెట్టుకున్నా. నాకంటే పెద్ద డ్యూటీ చేశాడు వాడు." అప్పుడు మా ఆవిణ్ని పాదాలనుంచి తల దాకా చూసి నోరు తెరిచింది. "వదినగారూ! మీరు కిందున్నారు!"

"ఉన్నాను" అంది నా భార్య. "ఇప్పుడెక్కుతాను కూడా. ఆకలేస్తోంది." నా భుజం పట్టుకోలేదు. గజం బద్ద నా చేతికిచ్చి, నాలుగు మెట్లూ తానే ఎక్కింది. మూడో మెట్టు మీద ఒక్కసారి ఆగి ఊపిరి పీల్చుకుంది, అంతే.

ఇక మొత్తం చూస్తే ఇలా తేలింది. మొదట ఎనిమిది పోయాయి. మూడో పెట్టెలో ఐదు గుడ్లకు ఒకటి మురిగింది, నాలుగు పగిలాయి, నాలుగూ ఎగిరాయి. ఆ జంట అదే పెట్టెలో మళ్లీ ఐదు పెట్టి ఐదింటినీ ఎగరేసింది. మిగిలిన రెండు పెట్టెలకూ మేకులు కోసేశాను, నీళ్ల గొట్టానికీ నిమ్మకాండానికీ అడ్డాలు బిగించాను. ఆ సీజను అయ్యేసరికి మూడు పెట్టెల్లో కలిపి పద్నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. దొరకు ఒక్కటీ దక్కలేదు, గీత కూడా తగల్లేదు. డాక్టరు ఇచ్చిన రెండున్నర నెలల్లో మూడు రోజులు ఇంకా మిగిలి ఉండగానే నా భార్య నాలుగు మెట్లు దిగి, నాలుగు మెట్లు ఎక్కింది. ఇప్పుడు రోజుకు అరగంట మిషను మీద కూర్చుంటుంది, సాయంత్రం కొట్టు దాకా నడిచి వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోతుంది. నాకు మిగిలింది ఇదీ.